నీలం టిక్కు పడితే హాజరైనట్టేనా?

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద వస్తుంటే నకిరేకల్ దాటాక కొర్లపహాడ్ టోల్‌గేటు తగులుతుంది. ఆ టోల్‌గేటు ఉన్న మండలమే కేతేపల్లి. కింద మాట్లాడుకునే ఇద్దరూ ఈ మండలం వాళ్లే. ఒకాయన సర్కారు బళ్లో సోషల్ చెప్పి రిటైరైన సారు. రెండో ఆమె ఆయన దగ్గరే పదో తరగతి చదివి, ఇప్పుడు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్న టీచర్. పేర్లు పెట్టలేదు. ఇలాంటి ఇద్దరు మన మండలాల్లో ఎక్కడైనా దొరుకుతారు. పాఠం సగం ఫోన్లో, సగం తరగతిలో నడుస్తున్న ఈ కాలంలో పిల్లల మనసు దేనిలో ఉంటుందన్నది వాళ్ల గొడవ. హైవే పక్క హోటల్లో చాయ్ ముందు పెట్టుకొని వాదించుకున్నారు.

సారు: ఏం బిడ్డా, బడి విడిచి గంటయింది, ఇంక ఫోన్లనే తలకాయ పెట్టినవ్. పిల్లలకు ఫోన్ ముట్టొద్దని చెప్పేది మీరే, ఇడవనిది మీరే.

టీచర్: క్లాసు వాట్సాప్ గ్రూపు చూస్తున్న సార్. రేపు వక్రీభవనం మొదలుపెట్టాలె. ముందుగాల ఒక చిన్న వీడియో పంపిన. సగానికి ఎక్కువ మందే చూసిండ్రు.

సారు: చూసిండ్రా, తెరిచిండ్రా?

టీచర్: ఎవరెవరికి నీలం టిక్కు పడ్డదో పేరు పేరున చూపిస్తది సార్.

సారు: ఆ ఫోను ఎవరిది? తండ్రిది. ఆయన ట్రాక్టర్ మీద కూసొని, వడ్ల పైసలు పడ్డయేమో అని గబగబ తెరిచి చూసిండు. నీ లెక్కల కొడుకు పాఠం చూసినట్టు. నేను హాజరు పిలిస్తె గొంతు ఇనపడేది. ఆ గొంతును బట్టి పోరడు పొద్దున తినొచ్చిండో లేదో గూడ తెలిసేది.

టీచర్: ‘ప్రెజెంట్ సార్’ అన్న పోరడు పాఠం విన్నడని మీకెట్ల తెలిసేది? మీరు బోర్డు మీద మొగలుల వంశవృక్షం గీస్తుంటె మేం వెనక బెంచీల నోట్‌బుక్కు చివరి పేజీల చుక్కలాట ఆడుకునేటోళ్లం.

సారు: ఆడితె కనపడేది. కనపడితె సుద్దముక్క విసిరేటోణ్ని.

టీచర్: ఒకటి నాకు తగిలింది సార్. తగిలినంక గూడ పాఠం వినలె. ఎవరు నవ్విండ్రో చూసుకుంట కూసున్న.

ఇక్కడ ఒక మాట నేను కలపాలి. చదువులో పిల్లవాడు లీనమవడం గురించి పరిశోధన చేసినవాళ్లలో ఫ్రెడ్రిక్స్, బ్లూమెన్‌ఫెల్డ్, పారిస్ అనే ముగ్గురు 2004లో దాన్ని మూడు పాళ్లుగా విడదీశారు. వచ్చి కూర్చుని చెప్పిన పని చేయడం ఒకటి. ఆ చదువు మీద, చెప్పేవారి మీద ఇష్టం రెండోది. విన్నదాన్ని తలలో తిప్పి చూడటం మూడోది. నీలం టిక్కు, ‘ప్రెజెంట్ సార్’ రెండూ మొదటిదానికే సాక్ష్యాలు. ఇద్దరూ ఒకే బలహీనమైన సాక్షిని చెరోవైపు నుంచి తెచ్చుకొని పోట్లాడుతున్నారు. సారుకు ఇది చెబితే ఒప్పుకోడు. ఆయన లెక్కలో గొంతు గొంతే.

సారు: 2020 యాదికి లేదా నీకు? మార్చిల బళ్లు మూసిరి. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిల, టీశాట్‌ల పాఠాలు మొదలుపెట్టిరి. నేను ఇంటి అరుగు మీద కూసొని రోజు చూసేటోణ్ని. తల్లి చేనుకు పోతుంటె “టీవీ బంద్ చేయకు, సారు వచ్చి చూస్తడు” అని చెప్పిపోయేది. సారు వచ్చేసరికి టీవీ నడుస్తనే ఉండేది, పోరడు మేకల ఎంబడి పోయెటోడు. ముంగట ఎవరు లేరన్న సంగతి టీవీకి తెల్వదు. దాని దారిన అది చెప్పుకుంట పోయేది.

టీచర్: ఆ వచ్చిన సార్లల్ల నేనొకదాన్ని. మీరు అరుగు మీంచి చూసిండ్రు, నేను ఇల్లిల్లు తిరిగిన. వర్క్‌షీట్లు ఇచ్చి, మళ్ల తీసుకొని దిద్దిన. టీవీ పాఠానికి తోడు మనిషి పోయిన ఇంట్ల పిల్లలు కొంతన్న నిలబడ్డరు. మనిషి పోని ఇంట్ల మీరన్నట్టె మేకల ఎంబడి పోయిండ్రు. తప్పు టీవీది అంటరా?

సారు: తప్పు టీవీది కాదు, టీవీని సారు అనుకున్నోళ్లది. ఇది ఇయ్యాల్టి పిచ్చి గాదు బిడ్డా. 1975 ఆగస్టుల అమెరికా నుంచి ఉపగ్రహం అరువు తెచ్చుకొని ‘సైట్’ అని పెట్టిరి. ఆరు రాష్ట్రాలల్ల 2,400 ఊళ్లకు టీవీలు. అండ్ల మన తెలుగు ఊళ్లు గూడ ఉన్నయి. పొద్దున బడి పిల్లలకు, సందెకు పెద్దోళ్లకు. ఏడాది నిండంగనె ఉపగ్రహాన్ని వాపసు తీసుకపోయిండ్రు. అప్పటి నుంచి చూస్తున్న, డబ్బా మారుతది, మాట మారదు. రేడియో అన్నరు, టీవీ అన్నరు, కంప్యూటర్ అన్నరు. ఇప్పుడు గోడకు పెద్ద తెర వచ్చింది. వచ్చినప్పుడల్ల “ఇగ చదువు మారిపోతది” అనుడే.

టీచర్: సార్, ఒకటడుగుతా. మీరు బి.ఏ. ఏడ చదివిండ్రు?

సారు: …

టీచర్: చెప్పుండ్రి.

సారు: ఓపెన్ యూనివర్సిటీ. ఇప్పుడు అంబేద్కర్ పేరు పెట్టిండ్రు, అప్పుడది ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982ల పెట్టిండ్రు, దేశంల మొదటిది. జి. రాంరెడ్డి గారు తొలి వైస్ ఛాన్సలర్. 1985ల ఢిల్లీల ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ పెడితె దానికి గూడ ఆయననే తొలి వైస్ ఛాన్సలర్‌గ తీసుకపోయిండ్రు. నేను అప్పటికి ప్రైమరీ బళ్లె సారును. ప్రమోషన్‌కు డిగ్రీ కావాలె, నౌకరి ఇడిచిపెట్టి కాలేజీకి పోయే స్తోమత లేదు.

టీచర్: పుస్తకం పోస్టుల వచ్చేది. రేడియోల పాఠం వినేటోళ్లు. ఆదివారం నల్లగొండ స్టడీ సెంటర్‌కు పోయి సార్లను అడిగేటోళ్లు. సగం దూరం, సగం ఎదురెదురు. మీరు చదివిందే ఇయ్యాల ‘బ్లెండెడ్’ అని కొత్త పేరు పెట్టుకొని తిరుగుతున్నది.

సారు: ఆగు. నాకప్పుడు పాతికేండ్లు దాటినయి. ఇంట్ల భార్య, పిల్ల. డిగ్రీ చేతికొస్తె జీతం పెరుగుతదని ప్రతి పేజీల కనపడేది. ఆదివారం క్లాసు తప్పనిసరి గాదు. బి.ఎస్సీ. వాళ్లకు ప్రాక్టికల్స్ తప్పవు గని మాకు ఎవరు హాజరు అడగలె. అయిన పోయిన. ఎందుకంటె వారమంతా చదివి, అర్థం కాని కాడ పెన్సిల్‌తోని గీత పెట్టుకునేటోణ్ని. ఆ గీతలు పట్టుకొని పోయెటోణ్ని. నీ తొమ్మిదో తరగతి పోరనికి ఆ గీత పెట్టుకోవాలన్న సోయి ఏడుంటది?

టీచర్: సోయి పుట్టించుడే మన నౌకరి గద సార్.

సారు: ఫోను పుట్టిస్తదా?

టీచర్: వినుండ్రి. బళ్లు తెరిచినంక గూడ నేను గ్రూపు తీసెయ్యలె. క్లాసుల ఎన్నడు నోరు తెరవని ఒక పిల్ల ఉండె. రాత్రి పొద్దుపోయినంక వాయిస్ మెసేజ్ పెట్టింది. “మేడం, గ్లాసు నీళ్లల్ల పెన్సిల్ వంకర కనపడుతది గదా, మరి బాయిల చేప మనకు కనపడే కాడనే ఉంటదా?” అని. వెనక వాళ్లమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు ఇనపడుతుండె. ఈ ప్రశ్న క్లాసుల అడగాలంటె నలుగురు నవ్వుతరని దానికి భయం.

సారు: ఉంటదా మరి?

టీచర్: ఉండదు. మనకు కనపడేదానికంటె లోతుల ఉంటది. చేపలు పట్టేటోళ్లకు ఇది మన పుస్తకం కంటె ముందే ఎరుక. అందుకె బల్లెం కొంచెం కిందికే గురి పెడతరు.

సారు: మంచి ప్రశ్ననే. జవాబు ఫోన్లనే చెప్పినవా?

టీచర్: చెప్పలె. “రేపు క్లాసుల చూద్దాం” అని మాత్రం పెట్టిన. తెల్లారి మధ్యాహ్న భోజనం వండే కాడి నుంచి ఒక స్టీలు గిన్నె తెచ్చిన. అడుగున రూపాయి బిళ్ల పెట్టి, దాన్ని చూసుకుంట ఒక్కొక్క అడుగు వెనకకు జరగమన్న. గిన్నె అంచు అడ్డమొచ్చి బిళ్ల కనపడకుంట పోయిన కాడ ఆగమన్న. అట్ల గిన్నె చుట్టూ పిల్లలంత నిలబడ్డరు. ఆ పిల్లతోనే మెల్లగ నీళ్లు పోయించిన. బిళ్ల కదలలె, ఎవరు ముందుకు రాలె, కాని బిళ్ల మళ్ల కనపడ్డది. “మేడం, లేసింది!” అని ఒకడు అరిసిండు. లేవలె అని ఇంకొకడు. కొట్లాట మొదలైంది. ఆ కొట్లాటల ఆ పిల్ల మొదటిసారి గట్టిగ మాట్లాడింది.

సారు: అట్లయితె పాఠం జరిగింది గిన్నె కాడ.

టీచర్: గిన్నె తేవాలని నాకు తోచింది ఆ వాయిస్ మెసేజ్ వల్ల. అది లేకుంటె నేను గూడ బొమ్మ గీసి, నిర్వచనం రాయించి గంట కొట్టంగనె పోయేదాన్ని. 2019 అక్టోబర్ల మూసీ ప్రాజెక్టు గేటు కొట్టుకపోయింది యాదికున్నదా? దసరా సెలవులు. గేటు కాడి వీడియోలు ప్రతి ఫోన్ల తిరిగినయి. సెలవులైపోయి బడి తెరిచినంక లోతు పెరిగే కొద్ది నీళ్ల ఒత్తిడి పెరుగుతదన్న పాఠం ఆ వీడియోతోనే మొదలుపెట్టిన. ఆనాడు “ఇటు చూడుండ్రి” అని ఒక్కసారి గూడ అనలె.

సారు: నేనైతె ఆ పోరగాళ్లను ప్రాజెక్టు కాడికే తోలుకపోయేటోణ్ని. ఎంత దూరమని? నీ ఫోన్ల గేటు గింతంత కనపడుతది. దాని కింద నిలబడి తల ఎత్తి చూస్తె తెలుస్తది ఒత్తిడంటె ఏందో.

టీచర్: ఆ మాటకు ఎదురు లేదు సార్.

సారు: ఇంకోటి. పాఠమున్న ఫోన్లనే ఆట ఉన్నది, రీల్సున్నయి. పాఠం అరగంట, రీల్ అర నిమిషం. ఏది గెలుస్తది?

టీచర్: అందుకె నేను అరగంట వీడియో పంపుతలేను. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల సంస్థల 69 లక్షల సార్లు వీడియో చూసిన తీరును లెక్కగట్టి 2014ల ఒక పరిశోధన వచ్చింది. ఆరు నిమిషాల లోపు వీడియోలనే జనం చివరిదాక చూస్తున్నరని తేలింది. వాళ్లల్ల పెద్దోళ్లే ఎక్కువ. మన పిల్లలు ఇంకెంత సేపు చూస్తరు? అందుకె చిన్నది పంపుత, చివర ఒక ప్రశ్న పెడుత.

సారు: ఫోను లేనోడు?

టీచర్: ఉన్నడు సార్, ఆ బాధ ఉన్నది. 2021ల అసర్ సర్వే చేస్తె దేశంల పల్లెటూర్ల బడి పిల్లల ఇండ్లల్ల 67.6 శాతం ఇండ్లకు స్మార్ట్‌ఫోను ఉన్నది. గని ఉన్న ఇండ్లల్ల గూడ 26.1 శాతం పిల్లలకు దాన్ని ముట్టుకునే వీలు లేదు. ఇంట్ల అన్నకు ఇస్తరు, చెల్లెకు ఇయ్యరు. అసొంటోళ్లకు ఆ ప్రశ్నను కాగితం మీద రాసి ఇస్త.

సారు: కాలేజీలకైతె యూజీసీ 2021 మేల కాగితమే తీసింది. ప్రతి కోర్సుల 40 శాతం దాక ఆన్‌లైన్, మిగిలింది క్లాసుల అని. ఆ నలభై ఏడికెల్లి వచ్చిందో నాకు అర్థం గాలె. గణితమైన, గానమైన అంతేనా? నాకైతె పోస్టులు నింపకుంట తప్పించుకునే దారి లెక్క కనపడ్డది. బాసర ట్రిపుల్ ఐటీ చూడు. 2008ల పెట్టిన కాడికెల్లి ల్యాప్‌టాప్ చదువే. పల్లెటూరి సర్కారు బడి పిల్లల్ల మెరికలు. వాళ్లే 2022 జూన్‌ల వారం రోజులు వానల కూసొని ధర్నా చేసి ఏమడిగిండ్రు? రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ కావాలె, సార్లు కావాలె అన్నరు.

టీచర్: ల్యాప్‌టాప్‌లు గూడ అడిగిండ్రు సార్. అదే డిమాండ్ల కాగితంల.

సారు ఇక్కడ చాయ్ తాగాడు. చాయ్ అప్పటికే చల్లారింది. ల్యాప్‌టాప్‌ల డిమాండు ఆయనకు తెలియనిది కాదు. మన వాదాల్లో ఎవరికి పనికొచ్చే సగం వాళ్లు తెస్తారు. బాసర పిల్లలు మాత్రం రెండూ అడిగారు.

టీచర్: ఒక్క పెద్ద రుజువు చెప్తా, దీనికేమంటరో చూస్త. 2009ల అమెరికా విద్యాశాఖ అప్పటిదాక జరిగిన పరిశోధనలు కలిపి చూసింది. ఒట్టి క్లాసు కంటె ఆన్‌లైన్, క్లాసు రెండు కలిపి చదివినోళ్లు మెరుగ్గ నేర్చుకున్నరని తేలింది.

సారు: రెండు కలిపినోళ్లు ఎంత సేపు చదివిండ్రు? ఒట్టి క్లాసు వాళ్లు ఎంత సేపు?

టీచర్: …అది గూడ ఆ నివేదికల రాసిండ్రు. కలిపి చదివినోళ్లకు చదివే సమయం ఎక్కువ దొరికింది, అదనపు పాఠ్య సామగ్రి దొరికింది. అందుకని ఈ మెరుగు ఆన్‌లైన్ మహిమ అని చెప్పరాదన్నరు.

సారు: అట్ల చెప్పు! కిలో బియ్యం వండినోణ్ని, కిలోన్నర వండినోణ్ని పక్కపక్కన కూసోబెట్టి “పొయ్యి మంచిది” అంటె ఎట్ల? టైము ఎక్కువిస్తె నా సుద్దముక్కతోని గూడ నేర్పుత.

టీచర్: మీరు గెలిచినట్టే అనుకుందాం. కాని టైము ఎక్కువ దొరికింది ఎందుకు? బడి గంట కొట్టినంక గూడ చదువుకునే దారి ఉన్నది కాబట్టి. నా పిల్ల రాత్రి బాయిల చేప గురించి అడిగిందంటె, ఆ రాత్రి గంట గూడ చదువులకు వచ్చినట్టే గద. సుద్దముక్క ఆ గంటల పనిచెయ్యదు.

సారు: ఆ గంటల నువ్వు పని చేస్తున్నవ్ బిడ్డా, ఫోను గాదు. ఆ ప్రశ్నను నువ్వు వినకుంట పండుకుంటె ఏమయ్యేది?

టీచర్: ఇంకోసారి అడగకపోయేది.

సారు: మరి నీ రాత్రి ఎవరి లెక్కల ఉన్నది? నీ టైంటేబుల్ చూపియ్యి. వారానికి ఎన్ని పీరియడ్లు, ఏ క్లాసుకు ఏం, అన్ని రాసుంటయి. గ్రూపుల వచ్చిన ప్రశ్నలు చూసుడు, ఎవడు చూసిండు, ఎవడు చూడలె అని ఏరుడు, ఫోను లేనోనికి కాగితం రాసిచ్చుడు, ఈ పనికి పీరియడ్ ఏడున్నది?

టీచర్: లేదు.

సారు: లీజర్ పీరియడ్ల చెయ్యమంటరా?

టీచర్: లీజర్ల ఆన్‌లైన్ రిపోర్టులు నింపాలె సార్. భోజనాల లెక్క, హాజరు యాప్. రాత్రి అన్నం తిన్నంక చేస్తున్న.

సారు: అదే నా మాట. ఇది నీ మంచితనం మీద నడుస్తున్న బండి. రేపు నీకు బదిలీ అయితె ఆ గ్రూపుల పండుగ శుభాకాంక్షలు, దండాల బొమ్మలు తప్ప ఏమి మిగలవు. ఇంత తిప్పలెందుకు? ఆ గంట టైమేదో క్లాసుకే కలుపుండ్రి. అర్థం కాని పోరల్ని సందేల బళ్లె కూసోబెట్టి చెప్పుండ్రి.

టీచర్: సందేల బళ్లె కూసోవాలంటె ఆ పిల్ల ఆటో పోయినంక ఇంటికెట్ల పోతది? వాళ్ల ఊరు రెండు మైళ్లు. సందెకు ఇంట్ల పొయ్యి ముట్టియ్యాల్సింది అదే. దానికి దొరికేది రాత్రి గిన్నెలు తోమినంక. ఆ టైముల నేను గాని, మీరు గాని వాళ్లింటికి పోలేం. ఫోను పోతది.

సారు: పోయి ఏం జేస్తది, నువ్వు లేనిది?

టీచర్: అందుకె, ఫోన్ తీసెయ్యుమని మీరు చెప్పకుండ్రి, నాకు పీరియడ్ ఇయ్యమని చెప్పుండ్రి. టీచర్ల సంఘంల ఇప్పటికి మీ మాట నడుస్తది.

సారు: పీరియడ్ గురించి చెప్త. ఫోన్ గురించి చెప్ప.

వాళ్ల తగువు అక్కడే నిలిచింది, తీరలేదు. తీర్చే పని నాకూ లేదు. కాని నా లెక్కలో ఒకటి మాత్రం స్పష్టం. ఆన్‌లైన్ పాఠం చేరితే టీచరు పని తగ్గుతుందనుకుని తెరలు కొన్నవాళ్లు తప్పు లెక్క వేసుకున్నారు. ఆ పని పెరుగుతుంది. ఓపెన్ యూనివర్సిటీ పెట్టినవాళ్లకు ఈ సంగతి 1982లోనే తెలుసు. పుస్తకం పోస్టులో పంపి ఊరుకోలేదు. ఆదివారాలు స్టడీ సెంటర్లు తెరిచి, అక్కడ కూర్చుని జవాబు చెప్పేవాళ్లకు డబ్బిచ్చి పెట్టారు. సర్కారు బళ్లలో ఇప్పుడు గోడకు తెరలున్నాయి, టీశాట్ ఉంది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లున్నాయి. జవాబు చెప్పే ఆదివారం మాత్రం ఎవరి టైంటేబుల్లోనూ లేదు.

టైంటేబుల్ వేసే హెడ్‌మాస్టర్లకు, వాళ్లకు సర్క్యులర్లు పంపే డీఈఓ కార్యాలయాలకు నా మనవి: వచ్చే జూన్‌లో బడి తెరిచేటప్పుడు ప్రతి సబ్జెక్టు టీచరుకు వారానికి ఒక పీరియడ్, పిల్లలు ఇంటి నుంచి పంపిన ప్రశ్నల కోసం రాసి ఇవ్వండి. ఆ పీరియడ్‌లో భోజనాల లెక్క అడగకండి.